ఊరికే ఉండే మనిషి

ఆదివారం పొద్దున ఆయన కాళ్ళ గోళ్ళు తీయడం ఆమె పని. పొట్ట అడ్డమొచ్చి ఆయన వంగలేకపోయిన రోజు నుంచి ఆ పని ఆమె దగ్గరికి వచ్చి చేరింది. ఎవరూ అప్పజెప్పలేదు. ఇంట్లో చాలా పనులు అలాగే వచ్చి చేరతాయి, వానకి చూరు కిందికి చేరే పిల్లుల్లాగా. ఒకసారి చేరాక పొమ్మనడానికి మనసొప్పదు, పొమ్మన్నా పోవు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పేపరు పట్టుకుంటారు. ఆమె కింద పీట వేసుకుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, ఆయన పాదాన్ని దాని మీద పెట్టుకుంటుంది. బొటనవేలి గోరు మందం. నీళ్ళలో నానబెడితే గానీ లొంగదు. సరిగ్గా ఆ గోరు దగ్గర ఉండగా ఫోను మోగింది.

చేసింది ఆయన తమ్ముడు. ఆయనకి చెవులు కొంచెం మందం కాబట్టి ఆ ఫోను ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది. వద్దన్నా వినపడుతుంది.

"అన్నయ్యా, మా ఆవిడ బాత్రూంలో జారిపడింది. కాలు విరిగింది. కట్టు వేశారు. రెండు నెలలు కింద పెట్టకూడదంట."

"అయ్యయ్యో! మరి ఇల్లెలాగరా?"

"అదేగా నా బాధ. మన ఆంబులెన్సుని ఒకసారి పంపించవూ?" అని నవ్వాడు మరిది.

"పంపిస్తాలే. దానిదేముంది, ఇంట్లో ఊరికేగా ఉండేది."

ఆమె చేతిలో నెయిల్ కట్టర్ ఆగింది. ఆయన పాదం ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది. ఫోను పెట్టేసి, "రేపే బయల్దేరు. పాపం, వాడు వంట కూడా ఎరగడు" అన్నారు ఆయన.

"గురువారం ఉంది కదండీ."

"గురువారం ఏముంది?"

"నా ఆపరేషను."

ఆయన పేపరు దించారు. మొహంలో తప్పు చేసిన భావం ఒక క్షణం కనపడింది, ఆ క్షణం నిజంగానే కనపడింది, తర్వాత సర్దుకుంది. "అవునే, మర్చిపోయాను సుమా! సరేలే, ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో రెండు నెలలు ఆగదా? నొప్పి కూడా లేదన్నావుగా. కొంపలేం మునిగిపోవు."

నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే తనకి నచ్చడం లేదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. స్నానం చేస్తుంటే రొమ్ములో వేలికి తగిలిన రోజున అది బఠాణీ గింజంత ఉంది. మనవరాలికి జ్వరమని కూతురు పిలిస్తే ఆపరేషను ఒకసారి వాయిదా పడింది. ఆయన రిటైర్మెంటు విందుకి వచ్చే వాళ్ళకి వంట ఎవరు చూస్తారని ఇంకోసారి వాయిదా పడింది. ఇప్పుడు అది రేగుపండంత ఉంది. "మళ్ళీ వాయిదా అంటే నా దగ్గరికి రాకండి, వచ్చినా చేయగలిగింది ఉండదు" అంది డాక్టరమ్మ, కోపంగా కాదు, అలసటగా.

ఆమె తల వంచుకుని మిగిలిన గోళ్ళన్నీ తీసింది. చిటికెనవేలు దాకా తీసింది.

ఆంబులెన్సు అనే పేరు మరిది పెట్టిందే. ఎవరికి ఏ సుస్తీ చేసినా, ఎవరు పురిటికి సిద్ధమైనా, ఎవరు ఇవాళో రేపో అన్నట్టున్నా ముందు ఆమెకి కబురొచ్చేది. మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఆమే. పెళ్ళికాని ఆడపడుచు ఊపిరితిత్తుల జబ్బుతో తీసుకుని తీసుకుని పోయినప్పుడూ ఆమే. కూతురి రెండు కాన్పులకీ ఆమే. "మా వదినకి సైరన్ ఒక్కటే తక్కువ" అని మరిది నలుగురిలో అంటే అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే, 'వదినకి ఈమధ్య కోపం ఎక్కువైంది' అంటారని నవ్వేది.

వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. ఊరికే. ఎంత చిన్న మాట! ఊరికే వచ్చామంటే పని లేకుండా వచ్చామని. ఊరికే ఇచ్చామంటే పైసా తీసుకోకుండా ఇచ్చామని. ఊరికే అన్నామంటే మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నామని. పని లేదు, విలువ లేదు, మనసూ లేదు. మూడూ కలిపి తన పేరయింది. రిటైరైన మర్నాటి నుంచి ఆయనకి జీవిత పరమార్థం కావలసి వచ్చింది. "ఇన్నేళ్ళు ఫైళ్ళు చూశాను, దీనికంతటికీ అర్థమేమిటి?" అని అడుగుతారు పొద్దున్నే. దాని కోసం పుస్తకాలు తెచ్చారు, టీవీలో ఒక గడ్డమాయన ఉపన్యాసాలు పెడతారు. ప్రతి మనిషీ ఏదో ఒక పని కోసమే పుడతాడనీ, అదేమిటో తెలుసుకోవడమే జీవితమనీ ఆ గడ్డమాయన చెబుతుంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పరమార్థానికి కూడా పూటపూటా కాఫీ కావాలి, ఆ కాఫీ కలిపే మనిషికి అలా కూర్చుని అడగడానికి తీరికుండదు. అప్పట్లో ఎప్పుడైనా అడగబోయినా, అత్తగారి మంచం నుంచి పిలుపొచ్చేది.

అత్తగారు. ఆమెకి ఇప్పటికీ చెవుల్లో వినపడే గొంతు ఆవిడది. కోడలిగా అడుగుపెట్టిన కొత్తలో, "ఊరికే తిని కూర్చుంటే కొండలైనా కరుగుతాయి" అని గోడకి చెప్పినట్టు చెప్పేది. ఆ గోడ ఎవరో కోడలికి తెలిసేది. అలాంటి మనిషికి ఆఖర్న చూపు పోయింది. చీకటంటే చిన్నపిల్లలా భయపడేది. మంచం మీద నుంచి చెయ్యి గాల్లో వెతుకుతూ, "ఉన్నావా?" అనేది.

"ఉన్నా అత్తయ్యా."

రెండు నిమిషాలు కాకుండానే మళ్ళీ "ఉన్నావా?"

"ఉన్నా."

నీళ్ళు కావాలా అంటే వద్దు. పక్కకి తిప్పమంటారా అంటే వద్దు. "మరేం చెయ్యమంటారు అత్తయ్యా?" అని ఒకసారి విసుక్కుంది ఆమె. అప్పుడు ఆ ముసలావిడ అంది, "ఏం చెయ్యొద్దే. ఊరికే ఉండు." జన్మంతా తిట్టుగా వాడిన మాటని ఆవిడ ఆఖర్న బతిమాలుకోవడానికి వాడింది. ఆ తేడా ఆవిడకి తెలిసిందో లేదో.

ఆ నెలల్లోనే అమ్మ మంచం పట్టింది. తమ్ముడు ఫోను చేశాడు, "అక్కా, అమ్మ నిన్నే కలవరిస్తోంది, ఒక్కసారి రా" అని. ఆమె పెట్టె సర్దుకుంది. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. "ఇక్కడ మా అమ్మ దగ్గర ఎవరుంటారు? అక్కడ మీ అమ్మ దగ్గర మీ తమ్ముడి పెళ్ళాం ఉందిగా" అన్నారు. అడ్డుపడలేదు, అరవలేదు, లెక్క చెప్పారంతే. అక్కడ ఒక మనిషుంది, ఇక్కడ లేదు. లోపలి నుంచి అత్తగారు "ఉన్నావా?" అంది. పెట్టె మూత మూసి, "ఉన్నా" అంటూ ఆమె లోపలికి వెళ్ళింది.

అమ్మ పోయాక వెళ్ళింది. వచ్చిన వాళ్ళందరూ వెళ్ళిపోయిన మధ్యాహ్నం, పెరట్లో కుళాయి దగ్గర మరదలు గిన్నెలు తోముతోంది. మోచేతుల దాకా సబ్బు నురగ. తల ఎత్తకుండానే చెప్పింది. "వదినా, నీకొకటి చెప్పాలి. అత్తయ్య ఆఖర్న 'పిల్లా, వచ్చావా? ఉన్నావా?' అని ఒకటే అడగడం. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. 'ఉన్నానమ్మా' అన్నాను. నీలాగా, నువ్వు సాగదీసి 'అమ్మా' అంటావే, అట్లాగే అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. పట్టుకునే పోయింది. తప్పయితే తిట్టు."

"మంచి పని చేశావు" అంది ఆమె.

పైకి అంది. లోపల ఈనాటికీ అనలేదు. ఎవరెవరికో దోసిళ్ళతో పోసిన 'ఉన్నా' అనే మాట కన్నతల్లికి దక్కలేదు. దక్కింది దొంగ మాట. అమ్మ మోసపోయి వెళ్ళింది, కూతురి చెయ్యి అనుకుని ఎవరి చెయ్యో పట్టుకుని వెళ్ళింది. బస్సు కదిలినప్పుడు, తలుపు మూసినప్పుడు, కూతురు ఫోను పెట్టేసినప్పుడు కూడా ఆమెకి అదే వినపడుతుంది. పిల్లా, ఉన్నావా?

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె చూస్తూ నిలబడింది.

పోనీ. వెళ్ళిపోదాం మరిది ఇంటికి. ఆ కాలు అతుక్కునేలోపు ఇది నిమ్మకాయంత అవుతుంది, తర్వాత ఎంతయినా అవుతుంది. పోతే ఏమవుతుంది? ఎవరి బతుకు ఆగుతుంది? నాలుగు రోజులు గోళ్ళు పెరుగుతాయి ఆయనకి, అంతే. ఈ ఆలోచన ఆమెని భయపెట్టలేదు. మెత్తటి దిండులా తల కింద చేరింది. దాని మీద అలా తల ఆనించే ఉండేదేమో గానీ, ఇంకో ఆలోచన సూదిలా గుచ్చుకుంది. పోయేటప్పుడు ఒక్కసారిగా పోము కదా. తీసుకుని తీసుకుని పోవాలి. అంతమంది దగ్గర కూర్చుని చూసిన మనిషికి ఆ సంగతి తెలుసు. అప్పుడు నేను చెయ్యి గాల్లోకి చాపితే అక్కడ ఎవరుంటారు?

వరసగా తలుచుకుంది. కూతురికి సెలవు దొరకదు. మరిది నవ్వుతాడు. మామగారు పోయారు, ఆడపడుచు పోయింది, అత్తగారు పోయింది. తను ఎవరెవరి దగ్గరయితే కూర్చుందో వాళ్ళంతా వెళ్ళిపోయారు. అప్పు తీర్చకుండా ఊరొదిలి పోయినట్టు వెళ్ళిపోయారు. మిగిలింది ఆయన. ఆయనకి ఆసుపత్రి వాసన పడదు. సొంత తల్లి పోయేటప్పుడు కూడా గుమ్మం అవతలే నిలబడి, "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అడిగిన మనిషి.

పొంగిన పాలు తుడిచి, చేతులు కడుక్కుని, ఆమె హాల్లోకి వచ్చి తనే మరిదికి ఫోను చేసింది.

"చెప్పు వదినా! ఏ బస్సుకి వస్తున్నావు?"

"రావడం లేదు. ఎవరినైనా మనిషిని పెట్టుకో."

"అదేంటి వదినా? బయటి మనిషి మనింటి మనిషిలా చూస్తుందా? నువ్వెలాగూ ఊరికే..."

"ఊరికే లేను. నాకు ఆపరేషనుంది. రొమ్ములో గడ్డ." ఆ మాట ఇంట్లో అంత గట్టిగా అనడం అదే మొదటిసారి. "నువ్వు వంట నేర్చుకో. గంజి కాచడం కష్టం కాదు. అన్నం కంటే తేలిక."

ఫోను పెట్టేసరికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. మొహం ఎర్రబడింది. "వాడేమనుకుంటాడు? నా పరువేం కావాలి? నన్నొక మాట అడగాలా వద్దా?"

"మీరు నన్ను అడిగారా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. గొంతు తగ్గించి, "మరి ఆసుపత్రిలో నీ దగ్గర ఎవరుంటారు?" అన్నారు.

"మీరు."

"నేనా? నేనక్కడ ఏం చెయ్యాలి? నాకేం తెలుసు?"

"ఏం చెయ్యక్కర్లేదు" అంది ఆమె. "ఊరికే ఉండండి."

ఆ మాట తన నోటి నుంచి వస్తుంటే ఆమెకి అత్తగారి గొంతు వినపడింది.

గురువారం, ఆసుపత్రి వార్డులో మంచాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పక్క మంచం మీద పేషెంటు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ దగ్గర తోడుగా ఉన్న లావుపాటి మనిషి ఒక చేత్తో గిన్నెలు కడిగి తెచ్చుకుంటూ, ఇంకో చేత్తో వార్డంతటికీ దారి చూపిస్తూ, వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే పుట్టినట్టు తిరుగుతోంది.

"మీకెవరమ్మా తోడు?"

"మా ఆయన."

"మగ తోడే! అబ్బో, పెట్టి పుట్టారు. మా వాళ్ళు గేటు దాకా వచ్చి అక్కడి నుంచే చెయ్యి ఊపుతారు."

"ఈవిడ మీకేమవుతారు?"

"మా తోడికోడలు. ఇంట్లో అందరికీ పనులున్నాయంట. ఊరికే ఉండేది నేనొక్కదాన్నేనంట. అందుకని పంపారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వుకున్నారు. లావుపాటావిడ అయితే గిన్నె కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏమైంది? ఎందుకు నవ్వుతున్నారు?" అన్నారు ఆయన, కుర్చీలోంచి.

"ఊరికే" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన ప్రయత్నం చేశారు, కాదనకూడదు. పొద్దున్నుంచీ చేశారు. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నారు. కాసేపటికి లేచి కిటికీ మూశారు, మళ్ళీ తెరిచారు. మందుల చీటీ చదివారు. అదే చీటీ మళ్ళీ చదివారు. ఫ్యాను వేగం తగ్గించి, నర్సు చేత తిట్లు తిన్నారు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని ఆమెనే అడిగారు.

"కూర్చోండి."

"కూర్చున్నాగా."

కూర్చున్నారు. కానీ చెప్పుల్లో ఆయన వేళ్ళు ఒకటే ఆడుతున్నాయి. తను తీసిన గోళ్ళు, నున్నగా, శుభ్రంగా. ఆ వేళ్ళని చూస్తుంటే ఆమెకి కోపం రావలసిన చోట ఏదో జాలి అడ్డమొచ్చింది. ఇంత పెద్ద మనిషి, ఒక ఆఫీసునంతా నడిపిన మనిషి, ఒక మంచం పక్కన చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోలేకపోతున్నాడు. ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవలసిన అవసరం రాకుండా తనే కదా అన్ని గుమ్మాల్లోనూ అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళూ తను చేసింది ఇదే కదా, ఈయన చేతగాక వణికిపోతున్న ఈ పనే కదా. దీనికేనా పేరు లేకపోయింది?

స్ట్రెచరు వచ్చింది. నర్సు ఆమె కళ్ళజోడు తీసి ఆయనకిచ్చింది. వార్డంతా నీళ్ళలో మునిగినట్టు మసకేసింది.

"నేను బయటికొచ్చేసరికి ఇక్కడే ఉండండి" అంది ఆమె.

"ఉంటా. ఎక్కడికి పోతాను?" అన్నారాయన. గొంతు బొంగురుపోయింది.

తర్వాత మెలకువ వచ్చింది. పూర్తిగా రాలేదు, బావి అడుగున పడ్డ బిందెలాగా కొంచెం పైకి లేచి మళ్ళీ మునుగుతోంది. కళ్ళు తెరవాలనుకుంది. రెప్పల మీద ఎవరో తడిబట్టల మూట పెట్టినట్టుంది. రొమ్ము ఉన్న చోట కట్టు, దాని కింద మంటా కాదు నొప్పీ కాదు, ఒక ఖాళీ. ఎక్కడి దాకా తీసేశారో, ఏమి మిగిలిందో, ఇంకా ఎన్నాళ్ళో ఎవరైనా చెబుతారేమోనని చెవులు రిక్కించింది. దూరంగా ట్రాలీ చక్రాలు. ఎవరిదో దగ్గు.

జీవితంలో ఎన్నడూ అడగని ప్రశ్న, ఎంతోమంది నోట విని విని అరిగిపోయిన ప్రశ్న, ఆమె పెదాల మీదికి తనంతట తనే వచ్చింది.

"ఉన్నారా?"

ఫ్యాను తిరుగుతోంది.

ఇంత చీకటిగా ఉంటుందా ఈ మాట లోపల? అత్తగారు రెండు నిమిషాలకొకసారి ఈ చీకట్లోంచా అడిగింది? తను ఒక్కోసారి బట్టలు మడతపెట్టుకుంటూ, ఒక్కోసారి విసుక్కుంటూ, ఒక్కోసారి వినపడనట్టు నటిస్తూ ఆలస్యంగా చెప్పిన 'ఉన్నా'లన్నీ వరసగా గుర్తొచ్చి ఆమె మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. చెయ్యి పైకెత్తింది. గాల్లో వెతికింది.

"ఏమండీ... ఉన్నారా?"

ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. గాల్లో ఉన్న చేతిని ఒక చెయ్యి అందుకుంది.

"ఉన్నా" అంది ఒక గొంతు. బొంగురుగా, మగ గొంతులాగా, కావాలని బరువు చేసుకుని అన్న గొంతు. మళ్ళీ అదే గొంతు, "ఇక్కడే ఉన్నాలే" అంది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. గరుకుగా ఉంది. కొంచెం తడిగా ఉంది. దాని నుంచి గిన్నెల సబ్బు వాసన వేస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేతికి గిన్నెల సబ్బు వాసన ఆమె ఎరగదు.

ఆయన ఏ గుమ్మం అవతలో నిలబడి, ఎవరినో పట్టుకుని, "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అడుగుతూ ఉంటారు.

ఆమె కళ్ళు తెరవడానికి ఇంక ప్రయత్నించలేదు. తెరిస్తే ఆ మనిషి సిగ్గుపడుతుంది. చేతిలో ఉన్న చేతిని, ఉన్న బలమంతా పెట్టి, గట్టిగా పట్టుకుంది. పెరట్లో కుళాయి కింద, మోచేతుల దాకా నురగతో, తల ఎత్తకుండా మాట్లాడిన మరదలి చేతులు గుర్తొచ్చాయి. అవీ ఇలాగే ఉండి ఉంటాయి. ఇదే వాసన వేసి ఉంటాయి.

ఆ చెయ్యి ఎవరిదో అమ్మకి తెలిసే ఉంటుంది.